గాలి కొట్టే మనిషి

గాలికి వాసన ఉంటుంది.

వీధిలో తిరిగే గాలికి మట్టి వాసన. వంటింట్లో గాలికి యాలకుల వాసన, వేగిన ఉల్లిపాయ వాసన. ఈ గదిలో గాలికి మాత్రం పాత చెక్క వాసన... పాత తోలు వాసన...

పిడి నొక్కితే వాసన వస్తుంది. వదిలితే పోతుంది.

మళ్ళీ నొక్కాలి.

నొక్కుతూనే ఉండాలి.

ముబారక్ అల్ కబీర్‌లో ఇసుకరంగు గోడల ఇల్లు అది. వీధిలో అన్ని ఇళ్ళదీ ఆ రంగే. ముందు దివానియా, మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే గది. దాని వెనక ఇంకో గది. ఆ గదిలో ఒక ఆర్గన్ — గొట్టాల ఆర్గన్, చర్చిల్లో ఉండే రకం. కువైట్‌లో, అదీ ఒక ఇంట్లో, ఇదేం చోద్యమని ఎవరైనా అడగొచ్చు. ఉంది మరి. ఉన్నదాన్ని లేదని ఎలా చెప్పడం?

ఆ ఇంటి పెద్దావిడ పెళ్ళయిన కొత్తలో భర్త చదువు కోసం ఇంగ్లండులో ఉంది. పక్క వీధిలో చిన్న చర్చి. ఒకరోజు చలికి తట్టుకోలేక లోపలికి వెళ్ళి కూర్చుంది. లోపల ఎవరో వాయిస్తున్నారు. అంతే, ఇక వదల్లేదు. వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. కొన్నేళ్ళకి ఆ చర్చి మూతపడి ఆర్గన్ అమ్మకానికి వస్తే, భర్త కొని, విప్పించి, పెట్టెల్లో సర్దించి ఓడ ఎక్కించాడు. భార్య అంటే అంత ఇష్టం ఆయనకి.

ఆయన పోయి చాలాకాలమైంది. ఆర్గన్ ఉంది. ఆవిడ ఉంది.

ఆవిడని పనివాళ్ళంతా మామా అంటారు, అమ్మా అన్నట్టు.

ఆర్గన్‌కి మోటారు ఉండేది. ఒక ఆగస్టులో కాలిపోయింది. మామా పెద్దగా బాధపడలేదు. ఆర్గన్ పక్కకి వెళ్ళి, కప్పిన గుడ్డ లాగేసి, మోటార్లు పుట్టకముందు కాలంనాటి చెక్క పిడి ఒకటి బయటపెట్టింది. పనికి కొత్తగా వచ్చిన కోనసీమ మనిషిని పిలిచి, మొదలుపెట్టమని పిడి చూపించింది.

యల్లా, అంది.

ఆ మనిషి సత్యదుర్గ.

పిడి నొక్కితే తిత్తి నిండుతుంది. తిత్తి నిండితే గాలి గొట్టాల కిందికి పోతుంది. వాయించే మెట్టు నొక్కితే గొట్టం నోరు తెరుస్తుంది. పెద్ద గొట్టానికి పెద్ద గొంతు. చిన్న గొట్టానికి చిన్న గొంతు. ఎంత గాలి ఉందో చూసుకోవడానికి పక్కన దారానికి ఒక సీసపు గుండు వేలాడుతుంది. తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది. తిత్తి ఖాళీ అవుతుంటే పైకి లేస్తుంది. ఎర్రగీత దాటి లేచిందంటే పాట మధ్యలో గొంతు జారిపోతుంది.

గుండుని ఎర్రగీత దాటనివ్వకూడదు. పని అంతే.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, పొద్దుగూకడానికి గంట ముందు మొదలు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపిస్తే ఆపాలి.

వినిపిస్తే అంటే — సత్యదుర్గకి వినిపిస్తే.

మామాకి చెవులు పోతున్నాయి. చెవిలో పెట్టుకునే మిషను ఉంది గానీ పెట్టుకోదు. అది పెట్టుకుంటే ఆర్గన్ గొంతు రేకుడబ్బాలా ఉంటుందని కోపం. వేళ్ళతో వింటుంది. పాదాలతో వింటుంది. కూర్చున్న బల్ల అదురుతుంటే ఆ అదురుతో వింటుంది. మసీదు మైకు మాత్రం ఆ బల్లని కదిలించలేదు. అందుకని అజాన్ మొదటి పలుకు వినపడగానే సత్యదుర్గ పిడి వదిలేసేది. గాలి తగ్గేది. వేళ్ళకింద పాట సన్నబడి ఆగిపోయేది. మామా తల వంచి, మెట్లమీద మూత వేసి, నమాజుకి లేచేది.

కోనసీమ హిందువుల పిల్ల ఒక కువైటీ ముసలమ్మకి అజాన్ వినిపిస్తోంది. ఎవరికీ ఇది వింతగా తోచలేదు. ఆ ఇంట్లో అది పప్పు నానబెట్టడంలాంటి రోజువారీ పని.

విశ్రాంతిగా ఉన్నప్పుడు మామా కథలు చెప్పేది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, మిగతా అంతా చేతులు.

రెండువేల ఏళ్ళు దాటిందట. అలెగ్జాండ్రియా పట్నం. ఒక మంగలి కొడుకు. నీటి బరువుతో గాలిని అదిమిపట్టి, గొట్టాల్లోకి పంపి మోగించాడట. ప్రపంచంలో మొదటి ఆర్గన్ అదేనట.

సత్యదుర్గకి ఇందులో వింత కనిపించలేదు. వాళ్ళదీ మంగలివారి ఇల్లే. వాళ్ళ ఊళ్ళో సన్నాయి మేళం వాళ్ళదే. గాలి సంగతి మావాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, అనుకుని ఊరుకుంది.

తర్వాత బాగ్దాదు. ఇక్కడికి ఎంతో దూరం లేని ఊరు. అక్కడ ముగ్గురు అన్నదమ్ములు మనిషి చెయ్యి వేయకుండా తనంతట తానే మోగే వాద్యం చేశారట. ఇది చెప్పేటప్పుడు మామాకి కాస్త గర్వం.

తర్వాత ఇంగ్లండులో ఒక మఠం. వెయ్యేళ్ళ కిందట. అక్కడి ఆర్గన్‌కి గాలి కొట్టడానికి డెబ్బైమంది బలమైన మగవాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడేవారని ఒక సన్యాసి రాసిపెట్టాడట. వాయించింది ఇద్దరు.

తర్వాత జర్మనీ. అక్కడ తిత్తులు ఎంతెంత పెద్దవంటే మనుషులు వాటిమీద నడిచేవారట. ఒక తిత్తి మీంచి ఇంకో తిత్తి మీదికి... పాట అయ్యేదాకా నడక. ఎక్కడికీ చేరని నడక.

వాయించినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కట్టినవాళ్ళ పేర్లు గొట్టాలమీద చెక్కి ఉన్నాయి. గాలి కొట్టినవాళ్ళ పేర్లేమిటని సత్యదుర్గ అడిగింది.

మామా ఆలోచించింది. తెలియదంది. ఎవరూ పెద్దగా రాయలేదంది. తర్వాత కరెంటు వచ్చింది, ఇక వాళ్ళతో పని లేదంది.

ఖలాస్, అంది. చేతులు దులుపుకుంది.

సత్యదుర్గకి ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియలేదు. ఆ రోజు కొంచెం గట్టిగా కొట్టింది పిడి.

ఆమె నాన్న మేళంలో సన్నాయి పక్కన శ్రుతి ఊదే ఒత్తు పట్టేవాడు. సన్నాయికి రంధ్రాలుంటాయి, వేళ్ళుంటాయి, రాగాలుంటాయి. ఒత్తుకి ఉండేది ఒక్కటే స్వరం. పెళ్ళి మొదలైనప్పుడు ఎత్తుకుంటే అయ్యేదాకా అదే స్వరం. ముక్కుతో పీలుస్తూ బుగ్గలతో వదులుతూ, తెగకుండా పట్టాలి. సన్నాయి ఆయన ఆగుతాడు, నీళ్ళు తాగుతాడు, దండ వేయించుకుంటాడు. ఒత్తు ఆగదు. ఒత్తు వైపు ఎవరూ చూడరు కూడా.

తర్వాత కరెంటుతో పాడే శ్రుతిపెట్టె వచ్చింది.

నాన్నకి ఆయాసం తగ్గింది. పని పోయింది. కొన్నాళ్ళు ఆ పెట్టె మోసుకెళ్ళి స్విచ్చి నొక్కేవాడు. ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకి కరెంటు పోయింది. పెట్టె మూగబోయింది. ఒత్తు ఇంట్లో అటకమీద ఉంది. నాన్న కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, గొంతుతోనే ఆ స్వరం పట్టాడు. జనరేటరు వేసేదాకా పట్టాడు. భోజనాల దగ్గర అందరూ జనరేటరు గురించే మాట్లాడుకున్నారు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషి కదా. తప్పు చేయకుండా ఎలా ఉంటుంది?

చేసింది.

మామా వాయించే పాటకి అడుగున శ్రుతి లేదు. సత్యదుర్గకి అది రోజూ వెలితిగానే ఉండేది. అంత గొప్ప ఆర్గన్, అన్ని గొట్టాలు, ఇంత గాలి... కింద పట్టుకునే స్వరమే లేదు. పాపం, ఈవిడకి పట్టేవాళ్ళు లేరు కాబోలు అనుకుంది. ఒకరోజు ఆర్గన్ మెట్లు తుడుస్తూ, ఖర్జూరం డబ్బా అట్ట ముక్క మడిచి, అన్నిటికన్నా బొంగురుగా మోగే మెట్టు లేవకుండా సందులో దూర్చింది. సాయం చేస్తున్నాననే అనుకుంది.

సాయంత్రం మామా కూర్చుంది. సత్యదుర్గ పిడి అందుకుంది. గాలి నిండింది.

మామా వేలు పెట్టకముందే ఆర్గన్ మోగింది.

అడుగునుంచి, ఆగకుండా, ఒకే స్వరం. మామా దానిమీద తన పాట ఎత్తుకుంది. రెండు వరసలు బాగానే నడిచింది. మూడో వరసలో పాట పక్కకి తిరిగింది. అడుగున స్వరం తిరగలేదు. రెండూ కొట్టుకున్నాయి. మామా బల్లమీంచి లేచింది. వెతికింది. అట్టముక్క దొరికింది. దాన్ని సత్యదుర్గ ముఖం ముందు ఆడించి, ఊపిరాడనంత కోప్పడింది.

ఈ పాటల్లో అడుగు కూడా నడుస్తుందని అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. శ్రుతి నడవడమేమిటని సత్యదుర్గ ఒప్పుకోలేదు. తల మాత్రం ఊపింది. ఇద్దరికీ ఇద్దరూ మొండి.

అయినా ఆ గంట ఆమెకి కావాలి. రోజంతా ఆమె చేతులు ఎవరెవరివో. గిన్నెలు తోమే చేతులు, ఇస్త్రీ చేసే చేతులు, మెట్లు కడిగే చేతులు. ఆ ఒక్క గంట చేతులు ఆమెవి. ఆమె ఊపిరి పోస్తే పాట. పోయకపోతే లేదు. ఆ గదిలో ఉండాలి, ఆ పిడి దగ్గర ఉండాలి — ఈ దేశంలో ఆమె మనసుపడి కోరుకున్నది అదొక్కటే.

డ్రైవరు అన్వర్ బాషాది రాయచోటి. సత్యదుర్గని చెల్లెలిలా చూసుకునే మనిషి. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, టీ గ్లాసు చేతిలో ఉన్నా తాగకుండా, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“సత్యమ్మా, మోటరు తెప్పిస్తాండారు. అది వస్తే నిన్ను ఎగైలాకు పంపుతారంట, కూతురింటికి. ఇఖామా కాగితం గూడా ఆయమ్మ పేరుకి మారుస్తాండారు.”

“మామా ఏవన్నారన్నా?”

“మామానే చెప్పింది కొడుకుతో. ఆ పిల్ల బుజం అరిగిపోతాంది, మోటరు పెట్టించు అని.”

అంతకుముందు వారం సత్యదుర్గ బట్టలు ఆరేసే చోట నిలబడి భుజానికి అమృతాంజనం రాసుకుంది. కిటికీలోంచి మామా చూసింది. చూసి జాలిపడింది. ఆ జాలి ఇప్పుడు ఆమెను ఎగైలా దాకా నెడుతోంది.

ఎగైలాలో వాళ్ళు మంచివాళ్ళే. చిన్నపిల్లలున్న ఇల్లు, పని ఎక్కువ, మనుషులు మాత్రం మంచివాళ్ళు. కాకపోతే అక్కడ గాలి ఏసీలోంచి వస్తుంది. ఎవరూ కొట్టక్కర్లేదు.

మర్నాడు మామాకి కాఫీ పోస్తూ, తన భుజం బ్రహ్మాండంగా ఉందని చూపించాలనుకుంది. చెబితే వినపడదు. అందుకని చెయ్యి పైకెత్తి గిర్రున తిప్పింది. ఒకసారి తిప్పింది. మళ్ళీ తిప్పింది. మామా కప్పు కింద పెట్టి దిగులుగా చూసింది. డ్రైవరుని పిలిచి మందుల షాపుకి పంపింది. అతను తెచ్చిన ట్యూబులో మందు స్వయంగా, ముసలి వేళ్ళతో, ఆ భుజానికి రాసింది.

సత్యదుర్గకి ఏడుపొచ్చింది. నొప్పికి ఏడుస్తోందనుకుంది మామా.

దుబాయి నుంచి మోటారు మనిషి వచ్చాడు. బిగించాడు. పిడి తీసేయమంటారా అని అడిగితే మామా వద్దంది. స్విచ్చి వేశాడు.

సీసపు గుండు కిందికి దిగి నిలబడింది. ఎర్రగీత దరిదాపులకి రాలేదు. కదల్లేదు.

చక్కటి గాలి. తప్పు పట్టడానికి ఏమీ లేని గాలి. మామా వాయించింది. వాయిస్తూ రెండుమూడుసార్లు పిడి ఉన్న వైపు తల తిప్పింది.

సత్యదుర్గ వంటింట్లో పిండి కలుపుతోంది. మగ్రిబ్ అజాన్ మొదటి పలుకు వినపడింది. అలవాటు ప్రకారం చేతులు ఆగాయి. పిండిలో ఆగాయి.

ఆర్గన్ ఆగలేదు.

మసీదులో పిలుపు. ఇంట్లో పాట. ఒకదాని మీద ఒకటి. దివానియాలో కూర్చున్న పెద్దమనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మామా పెద్దకొడుకు ఫైసల్ సిగ్గుతో ఎర్రబడి పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశాడు. ఏం జరిగిందో తెలిసేసరికి మామా ముఖం పాలిపోయింది. ఎంతసేపు వాయించానని మళ్ళీ మళ్ళీ అడిగింది.

వంటింట్లో సత్యదుర్గకి ఆశ పుట్టింది. దాచడమెందుకు, పుట్టింది. ఆ ముసలమ్మకి అంత అవమానం జరిగితే జాలి పడాల్సింది పోయి లోలోపల సంతోషపడింది. ఇక పంపరు, మోటారుకి చెవులు లేవు కదా అనుకుంది.

రెండు రోజులకి ఫైసల్ చిన్న డబ్బా తెచ్చి ప్లగ్గుకి తగిలించాడు. అది ఏ రోజుకి ఆ రోజు నమాజు వేళలు చూసుకుని తానే కరెంటు ఆపేస్తుందట. ఫోనులో ఉంటుందట అంతా.

దానికీ ఒక యంత్రం దొరికింది. అంతే.

మామా అడ్డు చెబుతుందేమోనని సత్యదుర్గ చూసింది. ఒక్కమాట — వద్దు, ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది — అంటే ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మామా ఆ మాట అనలేదు. కాగితాలు మారాయి. పెట్టె సర్దుకోవడం అయింది.

వెళ్ళే రోజు. అసర్ అయింది. బయట దుమ్ముగాలి, ఆకాశం పసుపురంగు. అన్వర్ బాషా కారు తీసి గేటు ముందు పెట్టాడు.

సత్యదుర్గ చెప్పి వెళదామని గదిలోకి వెళ్ళింది. మామా వాయించడం లేదు. మోటారు స్విచ్చి ఆపేసి, బల్ల పక్కన నిలబడి ఉంది. సత్యదుర్గ చెయ్యి పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళలో ఆమె ఎన్నడూ కూర్చోని బల్ల అది. తర్వాత మామా మెల్లగా నడిచి, గోడ పట్టుకుని, ఆర్గన్ పక్కకి వెళ్ళింది.

పిడి పట్టుకుంది.

నొక్కింది.

సత్యదుర్గ లేవబోయింది. మామా వేలు చూపించింది, కూర్చోమని. మెట్లు చూపించింది. యల్లా, అంది.

ఏం వాయిస్తుంది? ఆమెకి పాటలు రావు. వచ్చింది ఒక్కటే. బొంగురు మెట్టు మీద వేలు పెట్టింది. నొక్కింది.

గది అడుగునుంచి స్వరం లేచింది.

ఒకటే స్వరం. కదలని స్వరం. మామా కోప్పడలేదు. కళ్ళు మూసుకుంది, చెంప చెక్కకి ఆనించింది. అదురుతో వింటోంది. నొక్కుతోంది, లేపుతోంది... నొక్కుతోంది, లేపుతోంది...

సత్యదుర్గకి హాయిగా ఉంది. నాన్నకి ఇలాగే ఉండేది కాబోలు. పెళ్ళి అయ్యేదాకా, దీపాలు ఆర్పేదాకా, ఎవరూ చూడకపోయినా... ఇలాగే. ఈ స్వరం ఉన్నంతసేపు ఎగైలా లేదు, కారు లేదు, కాగితాలు లేవు. వేలు తీయకపోతే చాలు.

గేటు దగ్గర హారన్ మోగింది.

వేలు తీయలేదు.

అప్పుడు గుండు చూసింది. పైకి లేస్తోంది. ఎర్రగీతకి దగ్గరవుతోంది. మామా నుదుటిమీద చెమట. పెదాలు తెల్లబడ్డాయి. నోటితో ఊపిరి తీస్తోంది. అయినా పిడి వదల్లేదు. స్వరం ఉన్నంతవరకూ వదలదని సత్యదుర్గకి అర్థమైంది. తను వేలు తీసేదాకా ఈ ముసలమ్మ ఇలా గాలి కొడుతూనే ఉంటుంది. మొండిమనిషి. ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

ఒత్తు పట్టినవాళ్ళు ముందు ఆపరు. వాళ్ళ ఇంట్లో ఎవరూ ముందు ఆపలేదు.

సత్యదుర్గ వేలు తీసింది.

స్వరం పోయింది. గదిలో ఏసీ చప్పుడు వినపడింది. హారన్ మళ్ళీ మోగింది.

మామా కళ్ళు తెరిచింది. ఎందుకు ఆపావని అరబ్బీలో అడిగింది. ముఖంలో కోపం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది.

సత్యదుర్గకి అరబ్బీ మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

“మీకు ఆయాసం వస్తందండి మామా,” అంది. “అందుకని.”

మామాకి వినపడలేదు. పిడి నొక్కుతూనే ఉంది.